షూబాక్సు నిండా పోకెమాన్ కార్డులు: ఏది ఏదో తేల్చే పని

జనవరి, మొదటి వారాంతం

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మా బాబాయి వాళ్లు ఇల్లు మారుతున్నారు. బేస్‌మెంట్ ఖాళీ చేస్తుంటే తమ్ముడి చిన్నప్పటి పోకెమాన్ కార్డులు బయటపడ్డాయి. ఒక షూబాక్సు, రెండు బైండర్లు, రబ్బరు బ్యాండు వేసిన కట్టలు కొన్ని. 1999 నుంచి 2002 దాకా వాడు కొన్నవీ, స్కూల్లో మార్చుకున్నవీ. వాడిప్పుడు సియాటిల్‌లో ఉద్యోగంలో ఉన్నాడు. "అక్కా, నీకు ఓపికుంది. ఏవి ఉంచుకోవాలో, ఏవి అమ్మాలో చూసి పెట్టు" అన్నాడు. పిన్ని అప్పటికే మెరిసేవన్నీ ఏరి ఒక కవర్లో వేసి ఉంచింది. "ఇవే ఖరీదైనవట కదమ్మా, మిగతావి పారేయమంటావా?" అని అడిగింది. ఒక్కటి కూడా పారేయొద్దని చెప్పి మొత్తం ఇంటికి తెచ్చుకున్నాను.

మెరుపుని బట్టి ధర కట్టడం కుదరదు. ముందు ఏ సెట్టో, అంటే ఒక పేరుతో కలిపి విడుదల చేసిన ఏ కార్డుల గుంపులోదో తేలాలి. తర్వాత ఆ సెట్టులో ఎన్నో ముద్రణో, ఆ తర్వాత కార్డు ఎలా ఉందో చూడాలి. ధర మాట చివర్న వస్తుంది. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను: గుర్తుపట్టే పని పూర్తయ్యేదాకా ధరల సైటు తెరవను. రేటు ముందే తెలిస్తే మనసు ఆ రేటు వైపే లాగుతుంది, మూల నలిగి ఉన్నా కనిపించదు.

సరంజామా పెద్దగా ఏమీ లేదు. పక్కకి వంచగలిగే టేబుల్ ల్యాంపు, పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, పల్చటి ప్లాస్టిక్ స్లీవ్‌లు, కార్డు వంగకుండా కాపాడే గట్టి ప్లాస్టిక్ టాప్‌లోడర్లు, వివరాలు రాసుకోవడానికి ఒక స్ప్రెడ్‌షీటు. టేబుల్ మీద ఉతికిన కాటన్ గుడ్డ పరిచాను. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరాకే కార్డు ముట్టుకుంటున్నాను. మెరిసే పొర మీద వేలిముద్ర పడితే తుడవాలనిపిస్తుంది, తుడిస్తే సన్నటి గీతలు పడతాయి. గుడ్డతో గానీ, తడి టిష్యూతో గానీ ఏ కార్డునీ శుభ్రం చేయకూడదు. పిన్నికి కూడా ఇది ముందే చెప్పాను.

జనవరి, రెండో వారం: సెట్లు విడగొట్టడం

పోకెమాన్ కార్డుల ఆట జపాన్‌లో 1996లో మొదలైంది. ఇంగ్లిష్ కార్డులు 1999 జనవరిలో వచ్చాయి. వాటిని వేసింది విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే అమెరికన్ కంపెనీ, 2003 దాకా వాళ్లే వేశారు. తమ్ముడి కార్డులన్నీ ఆ కాలానివే కాబట్టి నా పని కొంత తేలికైంది.

బొమ్మ కింద కుడి పక్కన ఉండే చిన్న గుర్తు సెట్టు పేరు చెబుతుంది. పువ్వు ఉంటే జంగిల్, ఎముకల పంజా ఉంటే ఫాసిల్, ఆర్ అక్షరం ఉంటే టీమ్ రాకెట్. అక్కడ ఏ గుర్తూ లేకపోతే మొట్టమొదటి బేస్ సెట్టు. 2000లో వచ్చిన బేస్ సెట్ 2లో చాలావరకు అవే పాత కార్డులు మళ్లీ వేశారు, కానీ దాని గుర్తులో 2 అంకె ఉంటుంది. ఆ గుర్తు చూడకుండా బొమ్మని మాత్రమే పోల్చుకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. ధరలో మాత్రం చాలా తేడా.

కింది మూలలో నంబరు, దాని పక్కన అరుదు గుర్తు ఉంటాయి. చుక్క అంటే మామూలు కార్డు, డైమండ్ అంటే కొంచెం తక్కువగా దొరికేది, నక్షత్రం అంటే అరుదైనది. నక్షత్రం ఉన్నంత మాత్రాన మెరవాలని లేదు. బేస్ సెట్టులో మొత్తం 102 కార్డులు, మెరిసేవి 1 నుంచి 16 నంబర్ల దాకానే. 17 నంబరు బీడ్రిల్ నుంచి 22 నంబరు పిడ్జియోట్టో దాకా నక్షత్రం ఉన్నా మెరుపు లేదు. జంగిల్ సెట్టులో ఇంకో పద్ధతి. ఒకే పోకెమాన్ మెరిసే రూపంలోనూ, మెరవని రూపంలోనూ రెండు నంబర్లతో ఉంటుంది. మెరిసే జోల్టియాన్ నంబరు 4/64, మెరవనిది 20/64. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటోలో మెరుపు తెలియకపోయినా నంబరు చూస్తే తెలిసిపోతుంది.

టీమ్ రాకెట్ సెట్టుకి 82 కార్డులే అని ముద్రించి ఉంటుంది, కానీ 83/82 అన్న డార్క్ రాయిచు ఒకటి రహస్యంగా పెట్టారు. తమ్ముడి బైండర్లో అది లేదు. దాని కోసం ప్రతి పేజీ వెనకా చూశాను.

జనవరి చివర: ఒకే బొమ్మ, మూడు ముద్రణలు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే, టైమ్ కూడా దీనికే ఎక్కువ పట్టింది.

బేస్ సెట్టుని అమెరికాలో ముందు ఫస్ట్ ఎడిషన్‌గా వేశారు. బొమ్మ కింద ఎడమ పక్కన నల్లటి 1 అంకెతో చిన్న ముద్ర ఉంటుంది. తర్వాత ఆ ముద్ర తీసేసి అదే డిజైన్‌తో కొద్దికాలం వేశారు. వాటిని షాడోలెస్ అంటారు. ఆ తర్వాత డిజైన్ కొంచెం మార్చి, బొమ్మ ఫ్రేముకి కుడి వైపున, కింద నీడ చేర్చి పెద్ద ఎత్తున వేసినవి అన్‌లిమిటెడ్. అమెరికాలో ఆ రోజుల్లో పెరిగిన పిల్లల దగ్గర ఉండేవి ఎక్కువగా ఈ మూడో రకమే.

నీడ ఉందా లేదా అన్నది ఒక్కోసారి కంటికి సరిగ్గా ఆనదు. అప్పుడు అడుగున ఉన్న కాపీరైట్ లైను చూడాలి. ఫస్ట్ ఎడిషన్‌లోనూ షాడోలెస్‌లోనూ నింటెండో పేరు ముందు సంవత్సరాలు "1995, 96, 98, 99" అని ఉంటాయి. అన్‌లిమిటెడ్‌లో "1995, 96, 98" అని ఆగిపోతాయి. భూతద్దం కింద ఆ 99 కోసం వెతకడమే అసలు పరీక్ష. హెచ్‌పీ అంకెలు (ఆటలో పోకెమాన్ ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పేవి) కూడా షాడోలెస్‌లో సన్నగా, అన్‌లిమిటెడ్‌లో బొద్దుగా ఉంటాయి. పోకెమాన్ కాకుండా ఆటలో సాయానికి వాడే ట్రైనర్ కార్డుల్లో ఏ ముద్రణకీ ఫ్రేము నీడ లేదు కాబట్టి వాటికి కాపీరైట్ లైను ఒక్కటే ఆధారం. నీడ లేదు కదా అని మామూలు ట్రైనర్ కార్డుని షాడోలెస్‌గా అమ్మేవాళ్లు కనిపిస్తారు. కొనేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

కవర్లో ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉన్న మచాంప్ 8/102 దొరికింది. ఫోన్లో చెప్పగానే తమ్ముడు ఎగిరి గంతేశాడు. వాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఇష్టం లేకపోయినా నిజం చెప్పాల్సి వచ్చింది. ఇద్దరు ఆడుకునే స్టార్టర్ పెట్టెలో ఈ మచాంప్‌ని పెట్టి అమ్మారు. దాని మీద ఆ ముద్ర ఎప్పుడూ ఉంటుంది, నీడ ఉన్న ముద్రణలో కూడా. అందుకే ముద్ర ఉన్నా మిగతా ఫస్ట్ ఎడిషన్ కార్డుల్లా ధర పలకదు, చేతులు మారి అరిగినది అయితే పదుల డాలర్లలోనే ఉంటుంది.

చారిజార్డ్ 4/102 ఉంది. మిత్సుహిరో అరితా గీసిన బొమ్మ. నీడ ఉంది, 99 లేదు. అన్‌లిమిటెడ్. వెనక అంచులన్నీ తెల్లబడ్డాయి, బొమ్మ మీద అడ్డంగా గీతలు, ఒక మూలన మడత. స్లీవ్ లేకుండా రోజూ ఆడిన కార్డు అని చూడగానే తెలుస్తోంది.

అసలు సంతోషం బైండర్లో దొరికింది. 12/102 నైన్‌టేల్స్. నీడ లేదు, హెచ్‌పీ అంకెలు సన్నగా ఉన్నాయి, భూతద్దం కింద 99 స్పష్టంగా ఉంది. షాడోలెస్. అప్పట్లో పిల్లలంతా చారిజార్డ్ వెంట పడ్డారు, ఇది పేజీలో ఉండిపోయింది, అందుకే ఇంత శుభ్రంగా ఉంది.

జంగిల్ కట్టలో మెరిసే స్నోర్‌లాక్స్ 11/64కి పువ్వు గుర్తే లేదు. నంబరు మాత్రం 64లోదే. ఇది అందరికీ తెలిసిన ముద్రణ పొరపాటు: అన్‌లిమిటెడ్ ముద్రణలోని మెరిసే జంగిల్ కార్డులు కొన్ని సెట్టు గుర్తు లేకుండానే బయటికి వచ్చాయి. వీటికి ప్రత్యేకంగా వెతుక్కునేవాళ్లు ఉన్నారు. షీటులో వేరే వరుసగా రాశాను.

ఫిబ్రవరి మొదట్లో: మెరుపు ఎక్కడ ఉంది

మెరుపు ఎంత ఉందో కన్నా ఎక్కడ ఉందో చూడాలి. ఆ కాలపు హోలో, అంటే మెరిసే కార్డులో బొమ్మ పెట్టె లోపల మాత్రమే మెరుస్తుంది. చుట్టూ ఉన్న పసుపు అంచు, రాతలు ఉన్న భాగం మామూలుగా ఉంటాయి. ఇంగ్లిష్ బేస్ సెట్టు మెరుపులో నక్షత్రాలు కనిపిస్తాయి. జపనీస్ కార్డుల్లో గుండ్రటి బుడగలు, అక్కడక్కడ సుడి తిరిగిన ఆకారం ఉంటాయి. ఆ సుడి బొమ్మలో పడితే దానికోసం కొంచెం ఎక్కువ ఇచ్చేవాళ్లు ఉన్నారు.

రివర్స్ హోలో దీనికి తిరగబడి ఉంటుంది. బొమ్మ మామూలుగా ఉండి, దాని చుట్టూ ఉన్న భాగం మెరుస్తుంది. ఇంగ్లిష్‌లో ఇది మొదట వచ్చింది 2002లో, లెజెండరీ కలెక్షన్ అనే 110 కార్డుల సెట్టులో. మెరుపు కూడా బాణసంచా పేలినట్టు బొమ్మ చుట్టూ చిమ్ముకుని ఉంటుంది. బేస్, జంగిల్, ఫాసిల్, టీమ్ రాకెట్ కార్డుల్నే మళ్లీ వేసిన సెట్టు కావడంతో అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. అందుకే ఇప్పుడు ఆ రివర్స్ హోలోలకి గిరాకీ. చుక్క గుర్తున్న మామూలు పికాచు కూడా ఆ బాణసంచా మెరుపుతో ఉంటే కొన్ని బేస్ సెట్టు హోలోలని దాటిపోతుంది. తమ్ముడి కట్టల్లో ఈ సెట్టువి కొన్ని ఉన్నాయి. పిన్ని వాటిని మెరిసేవాటిలో వేయలేదు, బొమ్మ మెరవడం లేదు కదా అని. పారేయకపోవడం మంచిదైంది.

నకిలీల సంగతి. పిన్ని ఇచ్చిన కవర్లో అంచుల దాకా, రాతల దాకా ఇంద్రధనస్సులా మెరిసేవి గుప్పెడు ఉన్నాయి. తమ్ముడి దగ్గరున్న ఆ కాలపు విజార్డ్స్ సెట్ల కార్డులు అలా ఉండవు. అక్షరాలు లావుగా, శక్తి గుర్తులు వంకరగా ఉన్నాయి, వెనక నీలం రంగు వెలిసిపోయినట్టు ఉంది, పోకెమాన్ పేరులో ఇ మీద ఉండాల్సిన చిన్న గీత లేదు. భూతద్దం కింద అసలు కార్డులో రంగులు చిన్న చిన్న చుక్కల గుంపులుగా, నల్ల అక్షరాలు చుక్కలు లేకుండా నిండుగా కనిపిస్తాయి. నకిలీలో అక్షరాలు కూడా చుక్కలతోనే ఉంటాయి. అంచు పక్కనుంచి చూస్తే అసలు కార్డు పొరల మధ్య సన్నటి నల్ల గీత కనిపిస్తుంది. కాంతి ఆర్‌పార్ పోకుండా పెట్టిన పొర అది. ఫోన్ టార్చి వెనక పెట్టి చూస్తే అసలు కార్డు కాంతిని బాగా ఆపుతుంది, చాలా నకిలీలు లాంతరు కాగితంలా వెలుగుతాయి. ఈ పరీక్ష చేసేటప్పుడు అదే కాలానికి చెందిన, అసలుదని తెలిసిన మామూలు కార్డు ఒకటి పక్కన పెట్టుకుని పోల్చాలి. చించి చూడమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అనుమానం ఉన్న కార్డుని చించడం నాకు సమ్మతం కాదు.

గత ఏడాది పిన్ని హైదరాబాద్ నుంచి మా అబ్బాయికి తెచ్చిన బంగారు రంగు కార్డుల ప్యాకెట్టు కూడా ఇందులోనే కలిసిపోయింది. మన ఊళ్లలో బొమ్మల షాపుల్లో, ఫ్యాన్సీ షాపుల్లో వేలాడే రకం, ప్లాస్టిక్ మీద బంగారు పొర. వాటికి సేకరణ విలువ లేదు. పిల్లలు ఆడుకోవడానికి బాగుంటాయి, ఆ మాటే పిన్నికి చెప్పాను. బంగారు రంగు అనగానే అన్నీ నకిలీ అనుకోవడం కూడా సరికాదు. 1999లో మొదటి పోకెమాన్ సినిమా వచ్చినప్పుడు బర్గర్ కింగ్ వాళ్లు బంగారు పూత వేసిన కార్డులు ఆరు రకాలు అమ్మారు. 2021లో సెలబ్రేషన్స్ అనే సెట్టు పెద్ద పెట్టెలో చారిజార్డ్, పికాచు లోహపు కార్డులుగా వచ్చాయి. తమ్ముడి దగ్గర బర్గర్ కింగ్ మ్యూటూ ఒకటి ఉంది. అది నిజమైనదే. కాకపోతే అవి లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి, ధర చాలా తక్కువ.

ఫిబ్రవరి మధ్యలో: స్థితి రాసుకోవడం

ల్యాంపుని టేబుల్ ఎత్తుకి దించి, కాంతి ఏటవాలుగా పడేలా పెట్టి, కార్డుని నెమ్మదిగా తిప్పుతూ చూస్తున్నాను. నేరుగా చూస్తే అద్దంలా ఉన్న హోలో, ఏటవాలు కాంతిలో గీతలన్నీ చూపిస్తుంది. పాతకాలపు మెరిసే కార్డు విలువ ఎక్కువగా పోయేది ఇక్కడే. తర్వాత వెనక వైపు నీలం అంచుల మీద తెల్లటి మచ్చలు, మూలలు, గోరు నొక్కిన గుంటలు. రింగుల బైండర్లో మొదటి పేజీ కార్డులకి రింగు నొక్కుకుని వంపు గుర్తు పడింది, అది ఇక పోదు.

సెంటరింగ్, అంటే ఎదురెదురు అంచులు ఎంత సమానంగా ఉన్నాయో స్కేలుతో కొలుస్తున్నాను. ఎడమ అంచు 2.2 మి.మీ., కుడి అంచు 3.3 మి.మీ. ఉంటే అది 40/60. కార్డు స్థితికి మార్కులు వేసే గ్రేడింగ్ కంపెనీలు అత్యున్నత గ్రేడు ఇవ్వడానికి ముందు వైపు దాదాపు సమానంగా ఉండాలంటాయి, వెనక వైపు కొంత వెసులుబాటు ఇస్తాయి. నైన్‌టేల్స్ ఈ పరీక్షలో బాగా నిలబడింది. వెనక ఒక మూలన మాత్రం సూదిమొనంత తెలుపు ఉంది.

కొన్ని హోలోలు వంగి ఉన్నాయి, అంచులు ముందుకి లేచి. బేస్‌మెంట్ తేమే కారణం. కాగితం తేమ పీల్చి సాగుతుంది, దాని మీది మెరిసే పొర సాగదు. అందుకే కార్డు మెరిసే వైపుకి వంగుతుంది. బాగా పొడిగా ఉన్నచోట ఇది తిరగబడుతుంది. బరువు పెట్టి, ఇస్త్రీ చేసి సరిచేయాలని చూడకూడదు. స్లీవ్‌లో పెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో తేమని నియంత్రించే ప్యాకెట్లతో కొన్ని వారాలు ఉంచితే చాలావరకు దారికొస్తాయి. విశాఖలోనో కాకినాడలోనో కార్డులు దాచుకునేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. పాత బైండర్ల పీవీసీ పేజీలు తీసేశాను. ఆ ప్లాస్టిక్‌లోంచి రసాయనాలు ఊరి కార్డుకి అంటుకుంటాయి. పాలీప్రాపిలీన్ పేజీలు తెచ్చాను.

మార్చి మొదట్లో: ఇప్పుడు ధరలు

గుర్తుపట్టడం దాదాపు పూర్తయింది కాబట్టి సైట్లు తెరిచాను.

అడిగే ధర ఎవరైనా ఎంతైనా పెట్టొచ్చు. నాకు కావలసింది అమ్ముడైన ధర. ఈబేలో అమ్ముడైన వాటిని మాత్రమే చూపించే ఫిల్టరు ఉంది. అక్కడా ఒక చిక్కు: బేరం ఆడి కొన్నవాటికి పాత ధర మీద అడ్డగీత కొట్టి చూపిస్తారు, అసలు ఎంతకి ఒప్పుకున్నారో కనిపించదు. అలాంటివి లెక్కలోంచి తీసేస్తున్నాను. కార్డులు అమ్మే టీసీజీప్లేయర్ సైటులో ఈమధ్య జరిగిన అమ్మకాల మీద లెక్కగట్టిన మార్కెట్ ధర ఉంటుంది, కార్డు స్థితిని బట్టి విడివిడిగా చూడొచ్చు. ఒక కార్డుకి కనీసం నాలుగైదు ఇటీవలి అమ్మకాలు, నా కార్డు లాంటి స్థితిలోనివే, దొరికాకే షీటులో అంకె రాస్తున్నాను.

పిన్ని ఎక్కడో చదివి "కార్డు ఒకటి కోట్లు పలికిందట" అంది. నిజమే. పికాచు ఇలస్ట్రేటర్ అనే కార్డుని యూట్యూబర్ లోగన్ పాల్ 2021లో 52.75 లక్షల డాలర్ల ఒప్పందంలో కొన్నాడు. పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ కంపెనీ నుంచి 10కి 10 గ్రేడు వచ్చిన ఫస్ట్ ఎడిషన్ చారిజార్డ్ 2022లో 4,20,000 డాలర్లకి అమ్ముడైంది. ఆ వార్తలు చదివి ఇంట్లో ఉన్న అరిగిన అన్‌లిమిటెడ్ చారిజార్డ్‌ని దానితో పోల్చకూడదని పిన్నికి నిదానంగా చెప్పాను. ముద్రణ వేరు, స్థితి వేరు. మడత పడ్డా మన చారిజార్డ్ వంద డాలర్లకి పైనే పలుకుతుంది, ఆ బొమ్మ మీద జనానికి ఉన్న ప్రేమ అలాంటిది. నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

దగ్గర్లోని కార్డుల షాపులో అడిగితే మార్కెట్ ధరలో 60–70 శాతం మధ్య చెప్పారు. అది అన్యాయం కాదు. వాళ్లు అమ్మేదాకా డబ్బు ఇరుక్కుంటుంది, అద్దె కట్టాలి. మనమే ఆన్‌లైన్‌లో అమ్మితే సైటు కమిషన్, కవరు, పోస్టు ఖర్చు, వాపసు టెన్షన్ మనవే. చిన్న చితకా కార్డులకి షాపే నయం, పెద్దవాటికి మాత్రం విడిగా అమ్మడమే మేలు.

మార్చి, మూడో వారం: గ్రేడింగ్‌కి ఏవి పంపాలి

పీఎస్‌ఏ, బెకెట్, సీజీసీ లాంటి కంపెనీలు కార్డు అసలుదో కాదో చూసి, 10కి మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి ఇస్తాయి. కొవిడ్ రోజుల్లో జనం ఎంతగా ఎగబడ్డారంటే, కుప్పలుగా పేరుకున్న కార్డుల్ని తట్టుకోలేక 2021 మార్చి చివర్లో పీఎస్‌ఏ చాలా సర్వీసుల్ని కొంతకాలం ఆపేసింది.

ప్రతి కార్డునీ పంపడం దండగ. ఫీజు, రానుపోను పోస్టు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి, ఆ కార్డుకి నిజాయితీగా ఊహించిన గ్రేడులో వచ్చే ధరకీ, విడి కార్డు ధరకీ ఉన్న తేడాతో పోల్చాను. 10 వస్తుందని ఆశపడి లెక్క వేయకూడదు. నేను ఊహించిన గ్రేడుకి ఒకటి తగ్గించి వేశాను. అప్పుడు కూడా లాభంగా కనిపించినవి రెండే: నైన్‌టేల్స్, గుర్తు లేని స్నోర్‌లాక్స్. చారిజార్డ్ ఈ లెక్కలో నిలబడలేదు. తమ్ముడికి చెబితే "అది ఎలాగూ అమ్మను అక్కా, పంపించెయ్" అన్నాడు. అది స్లీవ్, టాప్‌లోడర్, రెండు అట్టల మధ్య పెట్టి సియాటిల్‌కి పోస్టు చేశాను.

గ్రేడింగ్‌కి పంపే ఆ రెండింటినీ స్లీవ్‌లో పెట్టి, టాప్‌లోడర్ బదులు కొంచెం వంగే కార్డ్ సేవర్‌లోకి మార్చాను. పీఎస్‌ఏ అడిగేది అదే, దాంట్లోంచి కార్డు తీయడం తేలిక. పంపేముందు రెండు వైపులా, మూలలన్నీ విడివిడిగా ఫొటోలు తీసి షీటుకి జతచేశాను. ఫారంలో నైన్‌టేల్స్ వరుసలో సంవత్సరం 1999, నంబరు 12, షాడోలెస్ అని రాసి, ప్రకటించే విలువ దగ్గర ఈమధ్య అమ్మకాల నుంచి తీసుకున్న అంకె వేశాను. పెట్టె సోమవారం పోస్టులో పడుతుంది. బైండర్లు పూర్తయ్యాయి, కట్టల్లో లెజెండరీ కలెక్షన్‌వి ఇంకా కొన్ని చూడాలి.